సైనిక కోర్టు వెనకున్న బడి

1917 నవంబరు 1న టెక్సస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ సైనిక స్థావరంలో ఒక ప్రార్థనా మందిరం కోర్టుగా మారింది. నిందితులు 63 మంది. అందరూ నల్లజాతి సైనికులే, 24వ పదాతిదళం మూడో బెటాలియన్ వాళ్లు. ఆగస్టు 23 రాత్రి హ్యూస్టన్ నగర పోలీసుల దౌర్జన్యం మీద రగిలిపోయి, తుపాకులతో వీధుల్లోకి వెళ్లి, తిరుగుబాటూ హత్యలూ చేశారని అభియోగం. ఆ రాత్రి పోలీసులూ పౌరులూ సైనికులూ కలిసి పదిహేను మందికి పైగా చనిపోయారు. ఈ 63 మంది తరఫున నిలబడ్డది ఒకే ఒక్కడు, మేజర్ హ్యారీ గ్రయర్. వెస్ట్‌పాయింట్ అకాడమీలో చట్టం పాఠాలు చెప్పినవాడే గాని ఆయన లాయరు కాదు. ఇలాంటి కేసులో ఒకణ్ని కాపాడే సాక్ష్యమే పక్కవాడి మెడకు చుట్టుకుంటుంది. ఎవరి వకీలు వాళ్లకు ఉండాల్సిన చోట అందరికీ కలిపి ఒక్కడే. డిసెంబరు 11 తెల్లవారుజామున పదమూడు మందిని సలాడో వాగు ఒడ్డున ఉరి తీశారు. తీర్పు లోకానికి తెలియకముందే, వాషింగ్టన్‌లో ఎవరూ కాగితాలు తిరగేయకముందే అంతా అయిపోయింది. యుద్ధకాలంలో అక్కడి సేనాధిపతి ఆమోదిస్తే చాలన్నది అప్పటి నియమం.

ఈ కేసు వివరాలు నేను సికింద్రాబాద్‌లో నా ఆఫీసు గదిలో కూర్చుని చదివాను. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం సైనిక న్యాయానికి సంబంధించిన పాత పుస్తకాలూ నివేదికలూ శిక్షణ పాఠాలూ నెట్‌లో పెట్టింది, పైసా అడగదు. వాటిలో చాలా భాగం వర్జీనియా రాష్ట్రం షార్లట్స్‌విల్‌లో ఉన్న అమెరికా సైనిక న్యాయ పాఠశాల గ్రంథాలయం నుంచి వచ్చినవే. ఆ బడి ఎలా పుట్టిందో, తన పాఠాన్ని గోడలు దాటించి ఎక్కడెక్కడికి పంపిందో తెలుసుకోవాలని నేను వెంటపడటానికి కారణం నా ఉద్యోగం.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే చుట్టుపక్కల వాళ్లకు తెలుస్తుంది. మా వీధిలో పటాలానికి మనిషిని పంపని ఇల్లు లేదు. నేను 1979లో క్లర్కుగా చేరాను. రెండు దశాబ్దాలకు పైగా టైపు మిషను ముందు కూర్చున్నాను. సెలవు కాగితాలు, పెన్షను కాగితాలు, వాటి మధ్యలో అప్పుడప్పుడూ ఒక సిపాయి బతుకు తేల్చే కాగితాలు: చార్జ్ షీటు, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, కోర్టు మార్షల్ ప్రొసీడింగ్స్. బయటికి వచ్చాక సాయంత్రం కాలేజీలో లా చదివి నల్లకోటు వేసుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సర్వీసు నుంచి తీసేసిన జవాన్లు, వాళ్ల భార్యలు, పెన్షను రాని తల్లులు. మన రెండు రాష్ట్రాల కేసులు సైనిక బలగాల ట్రిబ్యునల్ చెన్నై బెంచి కిందికి వస్తాయి. అక్కడ ఫైలు తెరిచి నేను మొదట చూసేది వాదన కాదు. ఆ కాగితాలను ఎవరు తయారు చేశారు, తయారు చేసినవాడికి అది నేర్పింది ఎవరు అని చూస్తాను. ఒక యూనిట్‌లో పదో తరగతో ఇంటరో చదివి వచ్చిన కుర్రవాడు, పాత ఫైలు పక్కన పెట్టుకుని, పేర్లూ తేదీలూ మార్చి టైపు కొట్టిన చార్జ్ షీటు మీద ఒక మనిషి ఉద్యోగం పోతుంది. ఆ సంగతి నాకు చదివి తెలిసింది కాదు.

మన చట్టం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే అమెరికా వాళ్ల కథ ఎందుకో అర్థం కాదు. 1950 ఆర్మీ చట్టం ప్రకారం జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం అయిదుగురు అధికారులు కూర్చుంటారు, పక్కన చట్టం సలహా చెప్పే జడ్జ్ అడ్వొకేట్ తప్పనిసరిగా ఉండాలి. సమ్మరీ కోర్టు మార్షల్‌లో ఆ హంగు ఏదీ లేదు. కమాండింగ్ అధికారి ఒక్కడే కోర్టు. ఇద్దరు అధికారులో జేసీవోలో పక్కన హాజరుగా ఉంటారు, వాళ్లకు తీర్పులో పాలు లేదు. లెఫ్టినెంట్ కల్నల్ స్థాయి అధికారి అయితే ఏడాది దాకా జైలు వేయవచ్చు, ఉద్యోగం తీసేయవచ్చు. పైవాళ్ల ధ్రువీకరణ అక్కర్లేదు, శిక్ష వెంటనే అమలు చేయవచ్చు. 1857 తర్వాత తెల్లదొరలు మన సిపాయిల కోసం బిగించిన ఏర్పాటు ఇది. నిందితుడు తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చు. ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ అంటారు. ఆయన చెవిలో సలహా చెప్పగలడు గాని సాక్షిని ప్రశ్నించలేడు, కోర్టుతో మాట్లాడలేడు. అలాంటి చోట నియమాలు తెలిసి, ‘సాబ్, రూల్ 22 ప్రకారం ఇతన్ని ఎదురుగా పెట్టి అభియోగం వినాలి, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి’ అని గుర్తు చేయగలిగినవాడు ఎవడైనా ఉంటే అది హెడ్ క్లర్కే. మేము ఆయన్ని బడాబాబు అనేవాళ్లం. నాకు పని నేర్పిన బడాబాబు ఒక గఢ్వాలీ సుబేదారు. తెరిచిన ప్రతి ఫైల్లోనూ ముందు నిందితుడి సంతకాలు వెతికేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది నా అదృష్టం. పక్క యూనిట్‌లో కుర్రవాడికి ఆ అదృష్టం లేదు. చదువు ఇలా అదృష్టం మీద ఆధారపడకూడదన్నదే నా బాధ. అమెరికా వాళ్లు దీన్ని ఎలా దాటారో చూద్దామని వాళ్ల చరిత్రలోకి వెళ్లాను.

మూలం ఇద్దరికీ ఒకటే, బ్రిటిష్ సైన్యం ‘ఆర్టికల్స్ ఆఫ్ వార్’. కంపెనీ వాళ్లు వాటిని మద్రాసు పటాలానికి తెచ్చారు. తిరగబడ్డ అమెరికన్లు కూడా వాటినే సవరించుకుని వాడుకున్నారు. 1775 జూలై 29న విలియం ట్యూడర్ అనే బోస్టన్ యువకుణ్ని వాళ్ల సైన్యానికి మొదటి జడ్జ్ అడ్వొకేట్‌గా నియమించారు. వయసు 25. జాన్ ఆడమ్స్ దగ్గర వకీలు పని నేర్చుకున్నవాడు. సైనిక చట్టం ఆయనకు నేర్పినవాళ్లు లేరు, తర్వాత నూరేళ్లకు పైగా వచ్చినవాళ్లకూ లేరు. మధ్యలో 1821 నుంచి 1849 దాకా సైన్యానికి జడ్జ్ అడ్వొకేట్ పదవే లేదు. అంతర్యుద్ధం వచ్చాక గాని ఆ శాఖ నిలదొక్కుకోలేదు. 1886లో విలియం విన్‌త్రాప్ సైనిక న్యాయం మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. 2006లో గ్వాంటనామో ఖైదీ హమ్దాన్ కేసు తీర్పులో కూడా అమెరికా సుప్రీంకోర్టు ఆయన్ని గౌరవంగా తలచుకుంది. చాలా తరాలపాటు ఆ పుస్తకమే బడి. అది చేతిలో ఉన్నవాడికి న్యాయం తెలిసేది, లేనివాడు పైఅధికారి మాట విని రాసుకునేవాడు.

హ్యూస్టన్ ఉరితీతల వార్త బయటపడ్డాక దేశం ఉలిక్కిపడింది. కొద్ది వారాల్లోనే యుద్ధశాఖ ఉత్తర్వులు వచ్చాయి, మరణశిక్షను వాషింగ్టన్‌లో న్యాయాధికారులు చూడనిదే అమలు చేయకూడదని. ఆ తర్వాత శాఖలోనే ఇద్దరు పెద్దలకు పడలేదు. శామ్యూల్ ఆన్సెల్ శిక్షలు దిద్దే అధికారం న్యాయాధికారులకు కావాలన్నాడు, ఆయన పైఅధికారి ఎనొక్ క్రౌడర్ క్రమశిక్షణ సేనాధిపతి చేతిలోనే ఉండాలన్నాడు. 1919లో ఈ తగువు పత్రికలకూ కాంగ్రెస్‌కూ ఎక్కింది. ఆన్సెల్ కోరినదంతా దక్కలేదు గాని, 1920 చట్టంలో శిక్షల్ని తిరిగి పరిశీలించే బోర్డులు వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు. తప్పు జరిగాక దిద్దే బోర్డు పెట్టారు, తప్పు జరగకుండా నేర్పే బడి పెట్టలేదు. దానికి ఇంకో ప్రపంచయుద్ధం రావాల్సి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధంలోకి దిగేనాటికి అమెరికా సైన్యంలో న్యాయాధికారులు నూరుమందికి అటూ ఇటూ. యుద్ధం ముగిసేసరికి రెండువేలు దాటారు. ఊళ్లలో ఆస్తి తగాదాలూ వీలునామాలూ చూసుకునే వకీళ్లకు యూనిఫాం తొడిగి సైనిక న్యాయం నేర్పాలి, అదీ వారాల్లో. 1942 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఒక లా కాలేజీ గదుల్లో తరగతులు మొదలుపెట్టారు. అదే ఏడు అవి మిషిగన్ విశ్వవిద్యాలయానికి, ఆన్ ఆర్బర్‌కు మారాయి. కల్నల్ ఎడ్వర్డ్ యంగ్ దానికి అధిపతి. అక్కడి లా కాలేజీ రాతి భవనాల మధ్య పొద్దున కవాతు, పగలు పాఠం. ఇంత చేసినా, ఆ యుద్ధంలో జరిగిన కోర్టు మార్షళ్లు 17 లక్షలు దాటాయి. వాటిలో చాలావాటిలో ఆరోపించినవాడూ కాపాడేవాడూ తీర్పు చెప్పేవాడూ ఎవరూ లాయర్లు కారు. ఇంటికి తిరిగొచ్చిన లక్షలాది మంది తాము చూసింది ఊరూరా చెప్పారు. ఆ ఒత్తిడితోనే 1950 మే 5న ట్రూమన్ సంతకంతో ఒకే సైనిక న్యాయ స్మృతి వచ్చింది, మరుసటేడు మే 31 నుంచి అమలైంది. జనరల్ కోర్టు మార్షల్‌లో నిందితుడికి అర్హతగల న్యాయవాది ఉండితీరాలి. పైన ముగ్గురు పౌర న్యాయమూర్తులతో అప్పీలు కోర్టు. 1968లో ఇంకో చట్టం సైనిక న్యాయమూర్తి అనే పదవిని నిలబెట్టింది.

చట్టం మారితే నేర్పే చోటు కావాలి. యుద్ధమయ్యాక 1946లో మూసేసిన బడిని మళ్లీ తెరిచి, 1951లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి తీసుకొచ్చారు. కల్నల్ చార్లెస్ డెకర్ అక్కడ మొదటి అధిపతి. విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఎందుకు పెట్టారన్నది నన్ను ఆకట్టుకున్న విషయం. పటాలం గేటు లోపల పెడితే పైఅధికారి గొంతే పాఠం అవుతుంది. పౌర న్యాయ కళాశాల పక్కన ఉంటే వేరే గొంతులూ వినబడతాయి. మిలిటరీ లా రివ్యూ పత్రిక 1958లో అక్కడినుంచే మొదలైంది. ఆర్మీ లాయర్ 1971లో వచ్చింది. 1987లో కాంగ్రెస్ ఆ బడికి ఎల్‌ఎల్ఎం పట్టా ఇచ్చే అధికారం కట్టబెట్టింది. పది నెలల కోర్సు.

ఇదంతా అధికారుల చదువు. క్లర్కుల సంగతి ఏమిటి? నేను ఎక్కువగా వెతికింది అదే. వాళ్లను మొదట్లో లీగల్ క్లర్కులనేవాళ్లు. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ బెంజమిన్ హారిసన్‌లో పరిపాలన క్లర్కులతో పాటు శిక్షణ. ఇప్పుడు పారాలీగల్ స్పెషలిస్టులు. సైన్యం లెక్కలో వాళ్ల సంకేతం 27డి, శిక్షణ వర్జీనియాలోని ఫోర్ట్ లీలో. చార్జ్ షీటు నింపడం (వాళ్ల ఫారం 458), సాక్షుల్ని రప్పించడం, సోదా నియమాలు, జవాన్లకు వీలునామాలు తయారు చేయడం, అన్నీ నేర్పుతారు. కొందరు కోర్టు రిపోర్టర్లవుతారు. మూతికి ముసుగులాంటి మైకు పెట్టుకుని, కోర్టులో విన్న ప్రతి మాటనూ మెల్లగా దాంట్లోకి తిరిగి చెబుతూ రికార్డు తయారు చేస్తారు. బ్రిగేడ్‌లోనూ బెటాలియన్‌లోనూ ఉంటారు. లాయరు ఎక్కడో ఉంటాడు, జవానుకు పక్కన కనబడేది వీళ్లే. వీళ్లను ఒక వృత్తిగా గుర్తించి, పేరు మార్చి, అధికారులకు నేర్పే శాఖలోనే వీళ్లకూ పాఠాలు పెట్టడం నా దృష్టిలో ఆ దేశపు సైన్యం చేసిన మంచి పనుల్లో ఒకటి.

బడి ఉన్నా పాఠం సిపాయి దాకా చేరకపోతే ఏమవుతుందో 1968 మార్చి 16న తేలింది. ఆ రోజు వియత్నాంలో మైలై ఊచకోత జరిగింది. వందల మంది పల్లె జనాన్ని, ముసలివాళ్లనూ ఆడవాళ్లనూ పసివాళ్లనూ కాల్చేశారు. దాని మీద విచారణ జరిపిన జనరల్ పీర్స్ బృందం, ఆ సైనికులకు యుద్ధనియమాల శిక్షణ సరిగా అందలేదని తేల్చింది. జేబులో పెట్టుకునే కార్డులు ఇచ్చారు, వాటి మీద ఖైదీలతో ఎలా మెలగాలో అచ్చువేసి ఉంది. కార్డు ఇవ్వడాన్ని నేర్పడం అనుకున్నారు. లెఫ్టినెంట్ విలియం క్యాలీని ఫోర్ట్ బెన్నింగ్‌లో విచారించారు. ప్రాసిక్యూటర్ కెప్టెన్ ఆబ్రీ డేనియల్, ఇంకా ముప్ఫై దాటని కుర్రవాడు. 1971 మార్చి 29న 22 హత్యలకు క్యాలీ దోషి అని తేలింది. అధ్యక్షుడు నిక్సన్ అతన్ని జైలు నుంచి గృహనిర్బంధానికి మార్పించాడు. ఆ కుర్ర కెప్టెన్ ఊరుకోలేదు. న్యాయవ్యవస్థను రాజకీయం కోసం బలహీనపరిచారని నేరుగా అధ్యక్షుడికే ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం గురించి చదివిన రోజున నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. సైన్యంలో ఉంటూ దేశాధినేతకు అలా రాయగల ధైర్యం ఊరికే రాదు. చట్టం తనదని నమ్మితే వస్తుంది. హమ్దాన్ తరఫున తన ప్రభుత్వం మీదే పోరాడిన నౌకాదళ న్యాయవాది చార్లెస్ స్విఫ్ట్ కూడా అలాంటి మనిషే.

1974లో అమెరికా రక్షణశాఖ యుద్ధనియమాల శిక్షణ తప్పనిసరి చేస్తూ ఆదేశం ఇచ్చింది. ఇక్కడినుంచే దూరం అనే చిక్కు పెద్దదైంది. ఒక్క షార్లట్స్‌విల్ ఎంతమందికి చెబుతుంది? జర్మనీలో ఉన్నవాడు, కొరియాలో ఉన్నవాడు, వారమంతా తన ఊళ్లో వకీలుగా ఉండి నెలకో వారాంతం యూనిఫాం వేసుకునే రిజర్వు అధికారి, వీళ్లంతా పది నెలలు వచ్చి కూర్చోలేరు. ఆ బడి ముందునుంచీ పోస్టులో పాఠాలు పంపింది. పుస్తకం వస్తుంది, చదివి జవాబులు రాసి తిప్పి పంపాలి, దిద్ది మార్కులు వేస్తారు. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దూరవిద్యలో డిగ్రీ చదివినవాళ్లకు ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో తెలుసు. ఉత్తరం చేరేలోపు చట్టం మారిపోవచ్చు కూడా.

చట్టాల్ని కంప్యూటరులో వెతకడంలో సైన్యం పౌర లాయర్ల కంటే ముందుందని తెలిసి ఆశ్చర్యపోయాను. 1960 ప్రాంతంలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జాన్ హార్టీ అనే న్యాయవాది పెన్సిల్వేనియా ఆరోగ్య చట్టాలన్నీ కార్డుల మీద గుచ్చించి యంత్రానికి ఎక్కించాడు. మందబుద్ధి పిల్లల్ని ఉద్దేశించిన పాత మాట చట్టాల్లో ఎక్కడెక్కడ ఉందో వెతికి మార్చాల్సి వచ్చింది, మనుషులు వెతికితే తప్పిపోతున్నాయి. అలా మొదలైంది. ఆయన పద్ధతి చూసి అమెరికా వైమానిక దళం 1963లో ‘లైట్’ అనే వ్యవస్థ మొదలుపెట్టింది. డెన్వర్‌లో కంప్యూటరు, దాంట్లో దేశపు చట్టాలు టేపుల మీద. ఎక్కడి సైనిక న్యాయవాదైనా ప్రశ్న పంపితే వెతికి జవాబు పంపేవాళ్లు. పౌర లాయర్లు పుస్తకాల బీరువాల మీద ఆధారపడి ఉన్న కాలం అది.

1990లలో సైన్యం న్యాయశాఖ ‘లాస్’ అనే బులెటిన్ బోర్డు నడిపింది. మోడెంతో ఫోను లైను మీద కలవాలి. షార్లట్స్‌విల్ బడి పాఠ్యపుస్తకాలు ఆ లైను మీదుగా దింపుకోవచ్చు. ఆ రోజుల ఆర్మీ లాయర్ సంచికల వెనక పేజీల్లో ఎలా కలవాలో, ఏ ఫైలు ఏ పేరుతో ఉందో వరసగా అచ్చువేసేవాళ్లు. నేను ఆ జాబితాలు పేజీలకు పేజీలు చదివాను. కొందరికి విసుగు పుట్టించే చదువు. నాకు మాత్రం ప్రతి ఫైలు పేరు వెనకా ఎక్కడో రాత్రిపూట మేలుకుని ఆ పాఠం దింపుకుంటున్న ఒక కెప్టెనో సార్జెంటో కనిపించాడు. అదే సమయంలో నేనున్న కొండ పోస్టులో నా దగ్గర ఉన్నది పాత మాన్యువల్. దాంట్లో సవరణ చీటీలు అంటించే పని నాదే, చీటీలు వచ్చినప్పుడు.

ఆ మోడెం లైను తర్వాత జాగ్‌సీనెట్, ఇప్పుడు జాగ్ యూనివర్సిటీ (జాగ్ అంటే జడ్జ్ అడ్వొకేట్ జనరల్, సైన్యం న్యాయశాఖ). పేరుకి విశ్వవిద్యాలయం, ఉన్నది నెట్‌లో. బ్లాక్‌బోర్డ్ అనే వేదిక మీద రికార్డు చేసిన పాఠాలు, పరీక్షలు, బడికి వచ్చేముందు పూర్తి చేయాల్సిన భాగాలు, అధికారులకూ పారాలీగళ్లకూ వేర్వేరుగా. వైమానిక దళానికి అలబామాలో మాక్స్‌వెల్ స్థావరంలో, నౌకాదళానికి రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో తమ తమ బడులున్నాయి, వాళ్లూ ఇదే బాట పట్టారు. ఆ తరగతులు బయటివాళ్లకు తెరిచి ఉండవు. కాని ఆపరేషనల్ లా చేతిపుస్తకం లాంటివి బయటపెడతారు. నేను ముద్రించుకుని బైండు చేయించుకున్నాను.

ఆన్‌లైన్ చదువు విలువ నాకు ఎక్కువగా కనిపించింది చట్టం ఉన్నపళంగా మారిన సందర్భాల్లో. 2019 జనవరి 1 నుంచి అమెరికా సైనిక న్యాయ స్మృతిలో దశాబ్దాల తర్వాత పెద్ద మార్పులు అమల్లోకి వచ్చాయి. 2023 డిసెంబరు 28 నుంచి హత్య, లైంగిక దాడి లాంటి నేరాల్లో కేసు నడపాలా వద్దా అన్న నిర్ణయం కమాండరు చేతిలోంచి తీసి ప్రత్యేక న్యాయాధికారులకు ఇచ్చారు. 1919లో ఆన్సెల్ వాదించిన దారిలో నూరేళ్లు దాటాక పడ్డ అడుగు అది. అలాంటి రోజున ప్రతి స్థావరంలో చార్జ్ షీటు నింపే మనిషికీ పాత అలవాటు మానిపించాలి. పోస్టులో పాఠం పంపితే కుదరదు. అయితే తెర మీద నేర్పలేనిదీ ఉంది. సాక్షిని అడ్డంగా ప్రశ్నించడం, భయంతో నోరు పెగలని జవాను ఎదురుగా కూర్చుని నిజం రాబట్టడం మనుషుల మధ్యే అలవడతాయి. షార్లట్స్‌విల్ గదులు మూసేయకుండా వాళ్లు రెండూ కలిపి నడపడం సరైన పని అని నా నమ్మకం.

మన దగ్గరకు వస్తాను. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు ముగ్గురిని విచారించినప్పుడు భూలాభాయ్ దేశాయ్ వాదించాడు, సప్రూ, కట్జూ, నెహ్రూ నల్లకోట్లు వేసుకుని కూర్చున్నారు. దేశమంతా వాళ్ల వెనక ఉంది. ఎవరికీ తెలియని సిపాయికి ఆ బలం ఎక్కడిది? 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రంజిత్ ఠాకూర్ కేసు చూడండి. ఒక అధికారి మీద నేరుగా పైకి ఫిర్యాదు పంపినందుకు, ఆ అధికారి చేతిలోనే అంతకుముందు శిక్ష పడ్డవాడు. ఆ తర్వాత అన్నం తినమన్న ఆజ్ఞ వినలేదన్నది అభియోగం. సమ్మరీ కోర్టులో కూర్చున్నది ఆ అధికారే. ఏడాది జైలు, ఉద్యోగం నుంచి బర్తరఫ్. సుప్రీంకోర్టు కొట్టేసింది, కోర్టులో కూర్చున్నవారి మీద నీకు అభ్యంతరం ఉందా అని నిందితుణ్ని అడగాల్సిన సెక్షన్ 130 మాట కూడా ఎత్తింది. ఢిల్లీ దాకా వెళ్లగలిగాడు గనక న్యాయం దొరికింది. నేరం ఒప్పుకున్నాడని రాసినచోట జవాను సంతకం లేదన్న వాదనతో కోర్టుకెక్కిన కేసులు చాలానే ఉన్నాయి. అలాంటివి నేనూ చూశాను.

మన సైన్యానికీ బడి ఉంది. నాగ్‌పూర్ పక్కన కాంప్టీలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మిలిటరీ లా. జాగ్ అధికారులు అక్కడే చదువుతారు. మన శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం రక్షణ, భద్రత చట్టాల మీద దూరవిద్యలో ఎంఏ ఇస్తోంది. జాగ్‌లో చేరాలని ఉందంటూ లా చదివే ఆడపిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ అని సీట్లు విడదీయడం చెల్లదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పినప్పటినుంచి ఇంకా ఉత్సాహంగా వస్తున్నారు. వాళ్లందరికీ దారి ఉంది. యూనిట్ క్లర్కుకు కావాల్సింది వేరు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ రోజు నుంచి జరిగిన హత్యను ఆర్మీ చట్టం సెక్షన్ 69 కింద పౌర నేరంగా మోపితే ఇప్పుడు ఐపీసీ 302 అని రాయకూడదు, కొత్త సంహితలో 103 అని రాయాలి. పాత ఫైలు చూసి టైపు కొట్టే కుర్రవాడికి ఆ సంగతి ఆ వారంలోనే తెలియాలి, మరుసటేడు కాదు.

నేను అడిగేది చిన్న కోర్సు. కాంప్టీలో పాఠం చెప్పేవాళ్లున్నారు, ప్రతి యూనిట్‌లో కంప్యూటరు ఉంది. హిందీలో, తెలుగులో, తమిళంలో, పంజాబీలో పాఠాలు రికార్డు చేసి, క్లర్కులకూ సుబేదార్లకూ చార్జ్ షీటు ముట్టుకునే ముందు అవి చూసి పరీక్ష రాయడం తప్పనిసరి చేయాలి. మొదటి పాఠం రూల్ 22. నిందితుణ్ని ఎదురుగా నిలబెట్టి అభియోగం ఎలా వినాలి, సాక్షిని ప్రశ్నించే హక్కు నీకుందని అతనికి ఎవరు, ఏ భాషలో చెప్పాలి. రెండోది, నేరం ఒప్పుకుంటున్నానని జవాను అన్నప్పుడు, ఆ మాటకు అర్థమేమిటో అతనికి తెలిసేదాకా ఆగి, తర్వాతే రాయాల్సిన పద్ధతి. మూడోది ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్. ఆ తోడుగా కూర్చునే మనిషి కూడా ఈ పాఠాలు చూడాలి. విచారణకు ముందురోజు రాత్రయినా సరే, వాటిని తెరిచి చూసుకునే వీలు అతనికి ఉండాలి.